మొదటి మీడ్‌లో తీపి ఎంత, ఆల్కహాల్ ఎంత: కొలిచి తెలుసుకునే పద్ధతి

తేనెను నీళ్లలో కలిపి ఈస్ట్ వేసి పులియబెడితే వచ్చేదే మీడ్. పదార్థాలు మూడే, పొయ్యి ముందు నిలబడే పని కూడా పెద్దగా ఉండదు. మొదటిసారి చేసేవాళ్లకు టెన్షన్ అంతా ఈస్ట్ వేశాకే మొదలవుతుంది. పులుస్తోందా, ఆగిపోయిందా? సీసాల్లో పోయొచ్చా? ఇందులో ఆల్కహాల్ ఎంతుంది? ఎయిర్‌లాక్‌లో, అంటే లోపలి గ్యాస్‌ను బయటికి వదిలి బయటి గాలిని రానివ్వని మూతలో, బుడగలు లెక్కపెట్టి వీటికి జవాబు చెప్పలేం. మూత కొంచెం వదులుగా ఉంటే పులియడం జోరుమీద ఉన్నా బుడగ రాదు. పులియడం అయిపోయాక కూడా గది వేడెక్కితే, లోపల కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి బుడగలు వేస్తుంది. అందుకే కొలవాలి. కొలవడానికి కావలసింది ద్రవంలో తేలే హైడ్రోమీటర్ అనే గాజు పరికరం, ఒక నోట్‌బుక్కు.

ఇంట్లో మద్యం తయారీకి ఒక్కో చోట ఒక్కో చట్టం ఉంటుంది. మీరుండే చోట అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి.

హైడ్రోమీటర్ నిజంగా కొలిచేది ఏమిటి

హైడ్రోమీటర్ ఆల్కహాల్‌ను కొలవదు. సూటిగా చెప్పాలంటే చక్కెరనూ కొలవదు. అది కొలిచేది ద్రవం సాంద్రతను, అంటే అదే కొలత నీళ్లతో పోలిస్తే ఇది ఎంత బరువో. నీళ్లు 1.000 అయితే, చక్కెర కరిగిన నీళ్లు అంతకంటే బరువు కాబట్టి గాజు గొట్టం పైకి తేలుతుంది. స్కేలు మీద 1.090 అని కనిపిస్తే, ఆ ద్రవం నీళ్లకంటే 9 శాతం బరువన్నమాట. ఆ చివరి మూడు అంకెలనే పాయింట్లు అంటారు. 1.090 అంటే 90 పాయింట్లు.

ఈస్ట్ చక్కెరను తినేకొద్దీ రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి. బరువైన చక్కెర తగ్గుతుంది, నీళ్లకంటే తేలికైన ఆల్కహాల్ పెరుగుతుంది. ఆల్కహాల్ సాంద్రత దాదాపు 0.789. కాబట్టి గొట్టం రోజురోజుకీ కిందికి దిగుతుంది. మొదటి అంకెకూ చివరి అంకెకూ ఉన్న తేడా నుంచే ఆల్కహాల్ లెక్క వస్తుంది. మొదటి అంకె లేకపోతే చివరి అంకెతో పెద్దగా ఉపయోగం లేదు. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే, ఈస్ట్ వేయకముందే రీడింగ్ తీసి రాసిపెట్టుకోవాలన్న ముక్క గుర్తుంచుకోండి.

చాలా హైడ్రోమీటర్ల మీద మూడు స్కేళ్లు ఉంటాయి: సాంద్రత, బ్రిక్స్, సంభావ్య ఆల్కహాల్. బ్రిక్స్ అంటే వంద గ్రాముల ద్రవంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉందో చెప్పే అంకె. మూడో స్కేలు కొత్తవాళ్లను బాగా తికమక పెడుతుంది. దాని మీద 12 శాతం కనిపిస్తే, ఆ ద్రవంలో ఇప్పుడు 12 శాతం ఆల్కహాల్ ఉందని కాదు, ఉన్న చక్కెరంతా పులిస్తే అంత రావచ్చని. మీడ్ పూర్తయ్యాక ఆ స్కేలు సున్నా చూపిస్తే ఆల్కహాల్ లేదేమోనని కంగారు పడొద్దు. సున్నా దగ్గరికి రావడమే మనకు కావలసింది.

ఏమేం కావాలి

0.990 నుంచి కనీసం 1.120 దాకా చూపించే హైడ్రోమీటర్, అది అడుగుకూ గోడలకూ తగలకుండా తేలేంత పొడవైన కొలగొట్టం, థర్మామీటర్, శాంపిల్ తీయడానికి పొడవాటి పిప్పెట్ లాంటిది, శానిటైజర్. కొన్ని కిలోల బరువు తూచగల డిజిటల్ త్రాసు కూడా ఉంటే మంచిది. దాని ఉపయోగం తర్వాత చెబుతాను.

ఆల్కహాల్‌మీటర్ పేరుతో అమ్మే పరికరం కొనకండి. అది నీళ్లు, ఆల్కహాల్ తప్ప మరేమీ లేని ద్రవానికే పనికొస్తుంది. మీడ్‌లో మిగిలిన చక్కెర వల్ల అది చూపించే అంకెకు అర్థమే ఉండదు. సన్నని గొట్టంతో ఉండే వైనోమీటర్‌దీ ఇంచుమించు అదే కథ. తీపి మిగిలిన ద్రవంలో తప్పు చూపిస్తుంది.

మొదటి మెట్టు: పరికరాన్ని పరీక్షించడం

హైడ్రోమీటర్ లోపలి కాగితం స్కేలు కొన్నిసార్లు పక్కకి జారి ఉంటుంది. ముఖ్యంగా కింద పడి పగలకుండా బతికిన వాటిని అసలు నమ్మకూడదు. ముందు డిస్టిల్డ్ వాటర్‌లో వేసి చూడండి. పరికరం మీద రాసిన ఉష్ణోగ్రతలో (సాధారణంగా 20 డిగ్రీలు, కొన్నిటికి 15.5) 1.000 చూపించాలి. తర్వాత 20 గ్రాముల పంచదారను 80 గ్రాముల నీళ్లలో కరిగించి చూడండి. నీళ్లు గ్రాముల్లోనే తూచాలి. ఇది 20 బ్రిక్స్ ద్రావణం, 1.083 చూపించాలి. కొలగొట్టం నిండడానికి సరిపోకపోతే అదే పాళ్లలో ఎక్కువ కలుపుకోండి.

నీళ్లలో 0.998 చూపించిందనుకోండి, పారేయక్కర్లేదు. ప్రతి రీడింగ్‌కీ 0.002 కలుపుకుంటే సరి. పంచదార ద్రావణంలోనూ తేడా అంతే ఉందో లేదో చూసుకోండి. రెండు చోట్లా వేర్వేరు తేడాలు వస్తే మాత్రం కొత్తది కొనుక్కోవడమే మేలు.

రెండో మెట్టు: తేనె లెక్క

ఒక కిలో తేనె, మొత్తం ఒక లీటరు ద్రవంలో ఉన్నట్టు లెక్కవేస్తే, సుమారు 300 పాయింట్లు ఇస్తుంది. తేనెలో నీటి శాతాన్ని బట్టి ఇది 290 నుంచి 310 దాకా మారుతుంది. కిలోల్లో తేనెను 300తో గుణించి, లీటర్లలో మొత్తం ద్రవంతో భాగిస్తే మొదటి రీడింగ్ అంచనా వస్తుంది.

నాలుగు లీటర్ల మీడ్‌కు 1.2 కిలోల తేనె తీసుకుందాం. 1.2 × 300 ÷ 4 = 90. అంటే 1.090, బ్రిక్స్‌లో దాదాపు 21.5. ఇక్కడ నాలుగు లీటర్లంటే తేనె కలిపాక మొత్తం. తేనె నీళ్లకంటే దాదాపు 1.4 రెట్లు బరువు కాబట్టి 1.2 కిలోలు 850 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుంది. నీళ్లు సుమారు 3.15 లీటర్లు పడతాయి. నాలుగు లీటర్ల నీళ్లు పోసి దాని మీద తేనె కలిపితే అంకె బాగా తగ్గుతుంది.

మొదటిసారికి 1.080 నుంచి 1.100 మధ్య పెట్టుకోమంటాను. 1.120 దాటితే చక్కెర ఒత్తిడికే ఈస్ట్ నీరసపడుతుంది, సగంలో ఆగిపోయే ప్రమాదం పెరుగుతుంది. బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ 2015 మార్గదర్శకాల్లో మామూలు మీడ్ అంటే 7.5 నుంచి 14 శాతం ఆల్కహాల్. అంతకంటే తక్కువైతే హైడ్రోమెల్, ఎక్కువైతే సాక్. మన లెక్క మామూలు మీడ్‌లోకే వస్తుంది.

ఈస్ట్‌కు కూడా ఒక హద్దు ఉంటుంది. లాల్విన్ 71బి, డి47 రకాలు 14 శాతం దాకా, ఈసీ-1118 రకం 18 శాతం దాకా తట్టుకుంటాయని తయారీదారు చెబుతాడు. ఈ హద్దు గీత గీసినట్టు ఉండదు. పరిస్థితులు అనుకూలిస్తే దాటి కూడా వెళ్తుంది. కాబట్టి 14 శాతం దగ్గర ఠక్కున ఆగి తీపి మిగులుస్తుందని లెక్కలు వేసుకోకండి.

మూడో మెట్టు: మొదటి రీడింగ్

తేనె బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. సరిగ్గా కలపకుండా పైనుంచి తీస్తే 1.060, అడుగు నుంచి తీస్తే 1.130 రావచ్చు, రెండూ తప్పే. గోరువెచ్చని నీళ్లలో తేనెను ముందు పూర్తిగా కరిగించి, మిగతా నీళ్లు పోసి, గరిటెకు తగిలే జిగట లేకుండా పోయేదాకా కలపండి. ఆ కలపడంలో గాలి కూడా చేరుతుంది. మొదట్లో ఈస్ట్‌కు అది మంచిదే.

తర్వాత కొలగొట్టంలో ముప్పావు వంతు పోయండి. హైడ్రోమీటర్‌ను మెల్లగా దించి, వేళ్లతో ఒకసారి గిర్రున తిప్పి వదలండి. అంటుకున్న గాలిబుడగలు ఊడిపోతాయి. ఒక్క బుడగ పట్టుకున్నా గొట్టం పైకి లేచి అంకె ఎక్కువ చూపిస్తుంది. అది నిలకడగా ఆగాక కన్ను ద్రవం మట్టానికి తెచ్చి చూడండి. గాజును అంటుకున్న చోట ద్రవం కాస్త పైకి ఎక్కి ఉంటుంది, దాన్ని పట్టించుకోకుండా మధ్యలో ఉన్న అసలు మట్టం దగ్గర చదవాలి. పైనుంచి వంగి చూస్తే రెండు మూడు పాయింట్లు తేలిగ్గా తప్పుతాయి. స్కేలు మీద అంకెలు కిందికి వెళ్లేకొద్దీ పెరుగుతాయని గుర్తుంచుకోండి. 1.080కీ 1.090కీ మధ్య గీతలు పైనుంచి కిందికి లెక్కపెట్టాలి.

ఉష్ణోగ్రత కూడా రాయండి. వేడెక్కిన ద్రవం పలచబడి అంకె తక్కువ చూపిస్తుంది. 20 డిగ్రీలకు తయారైన హైడ్రోమీటర్ అయితే 25 డిగ్రీల దగ్గర 0.001, 30 దగ్గర సుమారు 0.003, 35 దగ్గర 0.004 కలుపుకోవాలి. 30 డిగ్రీల తేనెనీళ్లలో 1.087 కనిపిస్తే అసలు అంకె 1.090. నలభై దాటితే సవరణలతో కుస్తీ పట్టకండి, చల్లారనివ్వండి. మరీ వేడి ద్రవంలో గాజు పగిలే ప్రమాదమూ ఉంది.

ఈ అంకెను తేదీతో సహా నోట్‌బుక్కులో, జాడీ మీద అంటించిన కాగితం మీద, రెండు చోట్లా రాయండి. త్రాసు ఉంటే, ఈస్ట్ వేసి ఎయిర్‌లాక్ పెట్టాక జాడీని మొత్తంగా తూచి ఆ బరువూ రాయండి.

నాలుగో మెట్టు: పులుస్తున్నప్పుడు

చిన్న జాడీలోంచి రోజూ వంద మిల్లీలీటర్లు తీసుకుంటూ పోతే తాగడానికి ఏమీ మిగలదు. మధ్యలో రెండు రీడింగులు చాలు.

ఈస్ట్ వేసిన రెండు మూడు రోజులకు ఒకటి తీయండి. అంకె కదిలిందంటే మొదలైనట్టే. రెండోది మూడో వంతు దగ్గర. 90 పాయింట్లలో మూడో వంతు 30, అంటే 1.060. తేనెలో ఈస్ట్‌కు కావలసిన నత్రజని చాలా తక్కువ, అందుకే పోషకాలను విడతలుగా వేస్తారు. ఆఖరి విడత ఈ అంకె దగ్గర పడిపోవాలి. ఆల్కహాల్ 9 శాతం దాటాక వేసిన డీఏపీ అనే నత్రజని పోషకాన్ని ఈస్ట్ వాడుకోలేదు, అది రుచిలో మిగిలిపోతుంది. ఒక హెచ్చరిక: గ్యాస్ నిండిన ద్రవంలో పొడి ఒక్కసారిగా వేస్తే నురగ జాడీ దాటి నేల మీదికొస్తుంది. ముందు మెల్లగా తిప్పి గ్యాస్ వదిలించండి.

కొలిచేటప్పుడు కూడా గ్యాస్ అడ్డం వస్తుంది. శాంపిల్‌ను రెండు గ్లాసుల మధ్య పదిసార్లు పోసి, బుడగలు ఆగాక హైడ్రోమీటర్ వేయండి. కొలిచిన శాంపిల్‌ను తిరిగి జాడీలో పోయకండి. రుచి చూడండి, అది కూడా సమాచారమే.

రెండు చుక్కలతో పని అయిపోతుందని కొందరు కాంతి ఎంత వంగిందో చూసి చక్కెరను లెక్కగట్టే రిఫ్రాక్టోమీటర్ వాడతారు. ఈస్ట్ వేయకముందు అది చక్కగా పనిచేస్తుంది. తర్వాత మాత్రం నేరుగా నమ్మకూడదు, ఎందుకంటే ఆల్కహాల్ కూడా కాంతిని వంచుతుంది. 21 బ్రిక్స్ దగ్గర మొదలై తీపి పోయేదాకా పులిసిన మీడ్‌లో కూడా అది 7, 8 బ్రిక్స్ చూపిస్తుంది. పులియడం ఆగిపోయిందని కంగారు పడేవాళ్లలో చాలామంది ఈ అంకె చూసినవాళ్లే. మొదటి బ్రిక్స్ తెలిస్తే కాల్క్యులేటర్‌తో సవరించుకోవచ్చు. చివరి రీడింగ్‌కు మాత్రం హైడ్రోమీటరే వాడండి.

త్రాసు ఇక్కడే ఉపయోగపడుతుంది. 180 గ్రాముల గ్లూకోజ్ పులిస్తే లెక్క ప్రకారం 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఆ గ్యాస్ ఎయిర్‌లాక్ గుండా వెళ్లిపోతుంది కాబట్టి జాడీ బరువు తగ్గుతుంది. తగ్గిన గ్రాములను 1.32తో గుణిస్తే పుట్టిన ఆల్కహాల్ మిల్లీలీటర్లలో వస్తుంది. నాలుగు లీటర్ల జాడీ 360 గ్రాములు తగ్గితే, 475 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 12 శాతం. మూత తీయకుండానే పులియడం ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక దారి నాకు తెలియదు. శాంపిల్ తీసిన ప్రతిసారీ ఆ బరువును లెక్కలోంచి తీసేయాలి.

ఐదో మెట్టు: అయిపోయిందని ఎప్పుడు అనాలి

అంకె 1.010 కిందికి దిగి, బుడగలు మందగించి, పైన ద్రవం తేరుకోవడం మొదలైతే ఒక రీడింగ్ తీయండి. పది, పదిహేను రోజులాగి మరొకటి. రెండూ ఒకటే అయితే పులియడం ఆగినట్టు. మామూలుగా 0.995కీ 1.005కీ మధ్య నిలుస్తుంది.

1.030 దగ్గరే ఆగిపోతే దాన్ని అయిపోవడం అనరు, మధ్యలో నిలిచిపోవడం అంటారు. గది చల్లబడిందేమో, పోషకాలు చాల్లేదేమో చూడండి. పీహెచ్ మరీ పడిపోయినా ఈస్ట్ మొండికేస్తుంది. తేనెనీళ్లకు పీహెచ్‌ను నిలబెట్టుకునే శక్తి తక్కువ.

ఈ దశలో తొందరపడి సీసాల్లో పోస్తే నిజంగా ప్రమాదం. సీసాలో మరో 10 పాయింట్లు పులిస్తే లీటరుకు దాదాపు 10 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది శాంపేన్ సీసాలో ఉండే ఒత్తిడి. శాంపేన్ సీసాను దానికోసమే మందంగా చేస్తారు. మామూలు సీసా పేలిపోతుంది, గాజు ముక్కలు ఎగురుతాయి.

ఆరో మెట్టు: ఆల్కహాల్ శాతం

మొదటి రీడింగ్‌లోంచి చివరిది తీసేసి 131.25తో గుణించండి. మన మీడ్ 1.000 దగ్గర ఆగిందనుకుంటే, 0.090 × 131.25 = 11.8 శాతం.

ఈ గుణకం బీరు లాంటి తక్కువ బలం పానీయాలకు బాగా సరిపోతుంది. బలం పెరిగేకొద్దీ వేర్వేరు సూత్రాలు వేర్వేరు జవాబులిస్తాయి. మరో ప్రసిద్ధ సూత్రం ఇదే మీడ్‌కు 12.6 అంటుంది. హైడ్రోమీటర్ చదవడంలో రెండు పాయింట్లు తప్పితేనే పావు శాతం తేడా వస్తుంది. కాబట్టి లేబుల్ మీద 11.81 అని రాయకండి. సుమారు 12 అని రాయడమే నిజాయితీ.

1.000 అంటే తీపి సున్నా కాదు

ఇది చాలామంది పట్టించుకోని విషయం. 12 శాతం ఆల్కహాల్ ఉన్న ఒట్టి నీళ్ల సాంద్రత సుమారు 0.984. మన మీడ్ 1.000 చూపిస్తోందంటే, ఆ 16 పాయింట్ల తేడాను కరిగి ఉన్న పదార్థమే పూడ్చింది. అది లీటరుకు దాదాపు 40 గ్రాములు. అందులో ఎక్కువ భాగం చక్కెరే. అందుకే 0.995 దగ్గర ఆగినదానికీ 1.000 దగ్గర ఆగినదానికీ నాలుక మీద తేడా తెలుస్తుంది.

మిగిలిన చక్కెరను గ్లూకోజ్ స్ట్రిప్పులతో, షుగర్ మీటర్‌తో పరీక్షిద్దామనే ఆలోచన కొందరికి వస్తుంది. వాటితో పని జరగదు. తేనెలో ఫ్రక్టోజ్, గ్లూకోజ్ రెండూ ఉంటాయి, ఈస్ట్ సాధారణంగా గ్లూకోజ్‌నే ముందు తింటుంది. చివరికి మిగిలేది ఎక్కువగా ఫ్రక్టోజ్, ఆ స్ట్రిప్పులకు అది కనిపించదు.

తర్వాత తేనె కలిపితే

పులియడం ఆగాక తీపి కోసం తేనె కలిపే ముందు, పులియడం మళ్లీ మొదలవకుండా, పొటాషియం మెటాబైసల్ఫైట్, పొటాషియం సోర్బేట్ రెండూ వేయాలి. సోర్బేట్ ఈస్ట్‌ను చంపదు, పెరగనివ్వదు అంతే. అందుకే జోరుగా పులుస్తున్న ద్రవంలో వేసి లాభం లేదు. నాలుగు లీటర్లకు వంద గ్రాముల తేనె దాదాపు 7 పాయింట్లు పెంచుతుంది.

పెరిగిన ఆ 1.007ను చివరి రీడింగ్‌గా తీసుకుని లెక్కవేస్తే 10.9 శాతం వస్తుంది. అది తప్పు. ఆల్కహాల్ ఎక్కడికీ పోలేదు, మొత్తం ద్రవం పెరగడం వల్ల 11.8 కాస్తా 11.6 అయింది, అంతే. తీపి కలపకముందు అంకెనే చివరి రీడింగ్‌గా వాడండి.

పులుస్తుండగానే విడతగా తేనె పోసేవాళ్లకు లెక్క వేరు. పోసేముందు ఒక రీడింగ్, బాగా కలిపాక ఒక రీడింగ్ తీసుకోవాలి. 1.090 నుంచి 1.010కి దిగింది, తేనె పోస్తే 1.030 అయింది, చివరికి 1.008 దగ్గర ఆగింది. దిగినవి రెండూ కూడండి: 80, 22, మొత్తం 102 పాయింట్లు, 13.4 శాతం. మొత్తం ద్రవం పెరిగింది కాబట్టి నిజానికి కొంచెం తక్కువే ఉంటుంది. పండ్ల ముక్కలు వేసిన మీడ్‌లో ఈ లెక్క ఇంకా వదులవుతుంది. పండులోని చక్కెరా నీళ్లూ రోజుల తరబడి నెమ్మదిగా బయటికొస్తాయి, మొదటి రీడింగ్‌లో అవి కనబడవు.

మొదటి రీడింగ్ లేకపోతే

అప్పుడు కూడా ఒక దారి ఉంది. గ్యాస్ పోయిన, తేరుకున్న మీడ్‌ను 20 డిగ్రీల దగ్గర ఖచ్చితంగా 200 మిల్లీలీటర్లు కొలిచి, సాంద్రత రాసుకోండి. గాలి బాగా ఆడే చోట, మంట లేని ఎలక్ట్రిక్ పొయ్యి మీద సగానికంటే తక్కువయ్యేదాకా మెల్లగా మరిగించండి. ఆల్కహాల్ ఆవిరి అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో దీపం, మంట ఉండకూడదు. మాడనివ్వొద్దు కూడా. చల్లార్చి, డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ సరిగ్గా 200 మిల్లీలీటర్లు చేసి, అదే 20 డిగ్రీల దగ్గర కొలవండి.

ఆల్కహాల్ పోయింది కాబట్టి అంకె పెరుగుతుంది. పెరిగింది 11 పాయింట్లయితే సుమారు 8 శాతం, 13.5 అయితే 10, 16 అయితే 12, 18 అయితే 14 శాతం. ఒక్కో పాయింటుకూ ముప్పావు శాతం దాకా మారుతుంది కాబట్టి, సన్నని గీతలున్న హైడ్రోమీటర్ ఉంటేనే ఈ పద్ధతికి విలువ.